కొస కత్తిరించిన ఆకు

కత్తెర చేతిలో ఉండగానే ఆ కబురు వచ్చింది. వరండాలో వేలాడదీసిన స్పైడర్ మొక్క ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగి ఎండిపోయాయి. కత్తిరిద్దామని స్టూలెక్కి నిలబడ్డాను. సెలవు ముగించుకుని పలాస వైపు నుంచి తిరిగి వచ్చిన ఫిట్టరు కుర్రాడు గేటు దగ్గర సైకిలాపి, "అక్కా, నిమ్‌పురాలో మీ పాత పక్కింటాయన లేడూ, బాయిలర్ మావ, పోయినాడు. మా పక్కూరే కదా. దినం కూడా అయిపోనాది" అని చెప్పి, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు. నేను స్టూలు దిగి, మెట్ల మీద కూర్చున్నాను.

ఆయన పేరు చెప్పను. చెప్పినా ఈ ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ఎవరూ గుర్తుపట్టరు. తెలుగువాళ్ళకి బాయిలర్ మావ, బెంగాలీలకి బాయిలర్ దాదా. జీతాల రోజున గుమాస్తా అసలు పేరు పిలిస్తే ఆయనే అటూ ఇటూ చూసేవాడట.

లోకో షెడ్డులో బాయిలర్లు చూసే పని ఆయనది. ఇంజను చల్లారాక దాని పొట్టలోకి దూరి, చిన్న సుత్తితో ఒక్కొక్క బోల్టునీ కొట్టి, ఏది గట్టిగా ఉందో ఏది లోపల విరిగిందో మోతని బట్టి చెప్పాలి. ఆ ఇనప గదిలో అన్నేళ్ళు సుత్తి మోత విని చెవులు ముప్పాతిక భాగం పోయాయి. అంచేత ఆయన వినడం మానేసి ముట్టుకోవడం పట్టాడు. కుడిచేతి వేలి కణుపుతో ఏ వస్తువునైనా టకటకా కొట్టి, ఎడమ అరచెయ్యి దానికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. పుచ్చకాయైనా అంతే, నీళ్ళకుండైనా అంతే, మా ఆయన ముచ్చటపడి కొన్న రేడియో పెట్టైనా అంతే. "కొట్టి సూస్తే అదే సెప్తాది" అనేది ఆయన మాట. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా వంటింటి గోడ కొట్టి చూసి, "ఈ గోడలో తేమున్నాది కోడలా, బియ్యం డబ్బా ఇక్కడెట్టకు" అన్నాడు. ఎవరో పక్కింటి ముసలాయన నా వంటింట్లోకొచ్చి నాకు చెప్పేదేమిటని ఒళ్ళు మండి, బియ్యం అక్కడే పెట్టాను. బూజు పట్టింది. పారబోస్తుంటే చూసి కూడా ఆయన ఒక్క మాట అనలేదు. ఆ అననందుకే ఆయనంటే నాకు ఇష్టం మొదలైంది.

ఆయన భార్యని నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆయనది వీధి దద్దరిల్లే గొంతు, ఆవిడది పక్కన కూర్చుంటే తప్ప వినపడని గొంతు. మొగుడికి చెవుడు కదా అని ఆవిడ ఏనాడూ అరిచి మాట్లాడలేదు. ఆయన ముంజేతి మీద వేలితో తట్టేది, అంతే. అన్నం వడ్డించిందని తట్టిందో, బజారుకి వెళ్ళమని తట్టిందో, వచ్చిన చుట్టాల ముందు నోరు అదుపులో పెట్టుకోమని తట్టిందో ఆయనకి తెలిసిపోయేది. మా ఇంట్లో నేను గొంతు చించుకున్నా మా ఆయనకి ఉప్పు తెమ్మన్న సంగతి ఎక్కేది కాదు.

ఆ మొక్క అత్తది. వీధి చివర పెద్ద క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ గార్డు కుటుంబం సామాన్లన్నీ అమ్ముకుని ఆస్ట్రేలియా ఓడెక్కబోతూ, చాలాకాలం పాలు పోసిన మనిషి కదా అని అత్తకి ఆ కుండీ ఇచ్చి వెళ్ళారు. దాని పేరు స్పైడర్ అని దొరసాని చెప్పిందట. సన్నటి పొడుగాటి ఆకులు, మధ్యలో తెల్లచార. మా వీధిలో అందరి గుమ్మాల్లో తులసీ, మందారం, ఆనపపాదూ ఉండేవి. గడ్డిలాంటి దాన్ని తాడు కట్టి వేలాడదీసి సాకడం ఎవరం ఎరగం. "ఏటికత్తా ఇది? పూజకొస్తాదా, కూరకొస్తాదా?" అని ఎగతాళి చేశాను. "నాకొస్తాది" అంది అత్త.

కొన్నాళ్ళకి దాన్నుంచి సన్నటి కాడలు బయల్దేరి కిందికి వంగాయి. వాటి చివర చిన్న చిన్న పిల్లమొక్కలు గాల్లో ఊగడం మొదలుపెట్టాయి. అత్త పక్కనే ఒక డబ్బాలో మట్టి పోసి, పిల్లని కాడ తెగకుండా వంచి మట్టికి ఆనించి, తన కొప్పులోంచి పిన్ను తీసి దాంతో నొక్కిపెట్టేది. అది వేరు పట్టేదాకా తల్లినుంచి కాడ కోసేది కాదు. ఎవరైనా తొందరపడి అడిగితే, "దానికి కాల్లు రానీ అమ్మీ, అప్పుడట్టుకుపోదువు" అనేది. ఆవిడ కొప్పు ఎప్పుడూ సగం జారి ఉండేది, పిన్నులన్నీ మట్టిలో ఉండేవి కదా మరి.

తర్వాత అత్తకి దగ్గు పట్టుకుంది. చలికాలం పోయినా పోలేదు. ఒకరోజు పెరట్లో గిన్నెలు తోముతూ దగ్గి, నోటికి అడ్డం పెట్టుకున్న చెంగు చూసుకుని, ఆ చెంగుని నడుంలో దోపేసుకుంది. గోడ మీంచి నేను చూశాను. టీబీ అన్నారు డాక్టర్లు. రైల్లో వెళ్తే సాలచెట్ల అడవుల దగ్గర ఛాతీ ఆసుపత్రి ఉంది, అక్కడ చేర్చాలన్నారు. ఆ రోజుల్లో ఆ మాట వింటే ఇరుగుపొరుగు గుమ్మాలు మూసుకునేవి, మా వీధి కూడా అంత గొప్పదేం కాదు. రిక్షా ఎక్కే ముందు అత్త మొక్క వైపు చూసి ఆయన ముంజేతి మీద తట్టింది. నోటితో కూడా చెప్పింది. "ఇది ఎండిపోకుండా సూసుకో. నానొచ్చీదాకా."

ఆయనకి ఆ మాట చాలు. మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ షెడ్డు నుంచి ఒక డబ్బా నిండా నీళ్ళు మోసుకొచ్చాడు. మా రైల్వేవాళ్ళకి తప్ప మరొకళ్ళకి ఈ సంగతి అర్థం కాదు. ఇంజన్లకి పోసే నీళ్ళలో షెడ్డువాళ్ళు సోడా కలిపేవారు. కలపకపోతే బాయిలర్ లోపల సున్నపు చెక్కు కడుతుంది. ఆ చెక్కు గోకి గోకి ఆయన చేతులు గరగరలాడేవి. అందుకే కుళాయి నీళ్ళంటే ఆయనకి చిన్నచూపు. "ఇనప పొట్టనే పాడుసేసే నీల్లు కోడలా, ఈ పసిదానికెలగ పోస్తాను? ఇయి సూడు. మెయిలు ఇంజనికి ఇయ్యే పోస్తారు" అని డబ్బా నా ముక్కు దగ్గర పెట్టాడు. ఎంత ప్రేమో చూడమని నేను మా ఆయన్ని దెప్పాను కూడా. మా అందరికీ కూడు పెట్టేది ఇంజను. అది తాగే నీళ్ళకంటే మంచి నీళ్ళు ఉంటాయని మాకెవరికీ తోచలేదు.

కొన్నాళ్ళకి ఆకుల కొసలు మాడడం మొదలైంది. ఎండ తగిలిందేమోనని లోపలి వరండాలోకి మార్చాడు. షెడ్డు పొగ పేరుకుందేమోనని తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచాడు. వేళ్ళకి చోటు చాలట్లేదేమోనని బోర్లించి చూస్తే లోపల ముల్లంగి పిందెల్లా తెల్లటి వేళ్ళు ఒత్తుకుని ఉన్నాయి. పెద్ద డబ్బా తెచ్చి, అడుగున చిల్లులు పొడిచి, చిల్లుల అంచులు ఆకురాయితో అరగదీసి, అందులోకి మార్చాడు. ఒక వారం ఆశ. మళ్ళీ మామూలే. దాహమేమోనని నీళ్ళు పెంచాడు. అప్పుడు మొదలు దగ్గరి ఆకులు పసుపుపచ్చబడ్డాయి. తగ్గించాడు. రోజూ డబ్బాని కణుపుతో కొట్టి, అరచెయ్యి ఆనించి, తడి ఎంతవరకూ దిగిందో చూసేవాడు. అన్నీ మార్చాడు గానీ నీళ్ళు మాత్రం మార్చలేదు. అది అనుమానించాల్సిన వస్తువని ఆయన ఊహకి కూడా రాలేదు. "ఎంత కొట్టి సూసినా ఏటీ సెప్పట్లేదు కోడలా" అంటూ మొక్క ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. అంత పెద్దగొంతు మనిషి ఆ మాట చిన్నగా అన్నాడు.

ఆసుపత్రికి వెళ్ళే రోజున ఒక ఆకు కోసి, తడిగుడ్డలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టుకుని వెళ్ళేవాడు. మొక్క బతికే ఉందని అత్తకి సాక్ష్యం. కొస మాడిన ఆకు ఎలా చూపిస్తాడు? అత్త బట్టలు కుట్టుకునే కత్తెర తీసి, మాడినంత మేరా కోసి, మళ్ళీ ఆకు కొసలాగే కనపడేలా రెండు పక్కలా ఏటవాలుగా కత్తిరించేవాడు. ఆ మోటు చేతులకి అంత నాజూకు పని ఎలా వచ్చిందో. తిరిగొచ్చిన ప్రతిసారీ ముఖం వెలిగిపోతూ, "బాగున్నాదన్నాది. మనిసి కూడా తేరుకున్నాది. బుగ్గలు ఎర్రగున్నాయి" అని వీధికంతా వినపడేలా చెప్పేవాడు.

ఒకసారి అత్త నన్ను చూడాలనుందంటే నేనూ వెళ్ళాను. ఆయన బయట కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే నేను ముందుగా వార్డులోకి వెళ్ళాను. నర్సు అత్తని లేపి, వీపు వెనక దిండ్లు పెడుతోంది. అత్త అని గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. ముఖంలో ఎముకలు తప్ప ఏమీ లేవు. దిండు కింద నుంచి కుంకుమ భరిణె తీసి, వేలికి అద్దుకుని, రెండు బుగ్గలకీ రాసుకుని అరచేత్తో పులుముకుంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టింది. ఆ ఎర్రబుగ్గలు ఎక్కడివో అప్పుడు తెలిసింది నాకు.

ఆయనొచ్చాడు. టిఫిను డబ్బా తెరిచి ఆకు అందించాడు. అత్త దాన్ని మొదలు నుంచి కొసదాకా రెండు వేళ్ళ మధ్య నెమ్మదిగా లాగింది. కొస దగ్గర బొటనవేలు ఆగింది. "బాగున్నాది" అంది. ఆయన నావైపు తిరిగి, చూశావా అన్నట్టు నవ్వాడు. నర్సు ఆయన్ని మందు చీటీ ఇచ్చి పంపించగానే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"కొసలు కత్తిరిస్తన్నాడు కదే. ఎన్నాల్ల నుంచి?"

అబద్ధం చెప్పబోయాను. ఆ ముఖం ముందు నోరు రాలేదు. "చాన్నాల్లయిందత్తా" అన్నాను.

"ఎండితే ఎండినట్టే తెమ్మని సెప్పు. నా మొక్కే కదా. నాకాడ దాపరికమేటి?"

"మరి నీ బుగ్గల సంగతేటత్తా?" అన్నాను. ఎక్కడ ఏం మాట్లాడాలో తెలియని నోరు నాది.

అత్త నవ్వబోయి దగ్గులో పడిపోయింది. "బేశి కొథా బోల్బేన్ నా, మాసీమా" అని నర్సు కసిరింది, ఎక్కువ మాట్లాడొద్దని. దగ్గు తగ్గాక అత్త అంది: "ఆయన ఎండిన కొస తెచ్చిననాడు నానూ పూసుకోను. రెండూ నువ్వే సెప్పు. నాకు అరిసే ఓపిక లేదు."

తిరుగు పాసింజరు కిటకిటలాడుతోంది. ఆయనకి చెప్పాలంటే అరవాలి. "ఆకు కొస కత్తిరించొద్దంది మావా! ఎండినట్టే తెమ్మంది!" అని అరిస్తే పెట్టెలో సగం మంది తిరిగి చూశారు. ఆయన ముఖం నల్లబడింది. రెండో మాట అలా నలుగురిలో అరిచేది కాదు. నా నుదుటి బొట్టు మీద వేలు పెట్టి, ఆ వేలు నా బుగ్గ మీద రాసి చూపించాను. ఆయన నా బుగ్గ వంక చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, దాని ఇనప కమ్మీ మీద కణుపుతో కొట్టడం మొదలుపెట్టాడు. స్టేషను వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు, అరచెయ్యి మాత్రం ఆనించలేదు.

తర్వాతిసారి కొస మాడిన ఆకే పట్టుకెళ్ళాడు. తిరిగి వచ్చి మా గుమ్మంలో కూర్చుని చెప్పాడు. ఆ రోజు వీధికి వినపడలేదు.

"ఈ పాలి పడుకునే ఉన్నాది కోడలా. మొకం మీద ఏటీ నేదు. ఆకు సూసినాది. ఎండిన ముక్క గోటితో గీకి సూసినాది. అప్పుడు నా సెయ్యి మీద తట్టినాది. ఏటి కావాలన్నాను. ఏటొద్దు, ఉత్తినే అన్నాది. అలగే ఉండిపోనాం, గంట కొట్టీదాకా."

ఆ వారమే ఉన్న సెలవంతా పెట్టేసి, మొక్కని మా వరండాలో వేలాడదీసి, అత్త దగ్గరికి వెళ్ళిపోయాడు. కొసలు కత్తిరించే పని లేదు గనక ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఉన్నదున్నట్టు చూసుకుంటూ ఉన్నారనుకుంటాను. నాకు షెడ్డు నీళ్ళు తెచ్చే వీలు లేదు. ఆ ఏడు వానలు తొందరగా పట్టాయి. చూరు కింద బొక్కెన పెట్టి, నిండిన నీళ్ళే పోస్తూ వచ్చాను. అంతకుమించి నేను చేసిందేమీ లేదు. పిల్లలతో, వంటతో దాన్ని సరిగ్గా చూసినదాన్ని కూడా కాదు.

ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. అక్కడే ఏటి ఒడ్డున అంతా అయిపోయిందన్నాడు. చేతిలో బట్టల మూట, అందులోంచి కుంకుమ భరిణె బయటికి కనపడుతోంది. తన తలుపు తీయకుండా నేరుగా మా వరండాలోకి వచ్చి మొక్క ముందు నిలబడ్డాడు. మధ్యలోంచి కొత్తాకులు గుత్తుగా వచ్చాయి. ఒక్కదానికీ మచ్చ లేదు, కొస దాకా పచ్చగా ఉన్నాయి. డబ్బాని కణుపుతో కొట్టి, అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"ఏ నీల్లు పోసినావు కోడలా?"

చూరు నుంచి బొక్కెనలోకి కారుతున్న వాన వైపు చూపించాను. ఆయన దాన్నే చూస్తూ అన్నాడు.

"మంచియనుకునే తెచ్చినాను."

"నాకు తెలుసు మావా" అన్నాను. విన్నాడో లేదో.

"ఆ బొగ్గు కూడా మంచిదనుకునే తెచ్చినాను."

ఏ బొగ్గో నాకు వెంటనే అర్థమైంది. ఇంజన్లలోంచి దులిపిన సగం కాలిన బొగ్గు షెడ్డువాళ్ళందరి ఇళ్ళలోనూ పొయ్యిలోకి వచ్చేది. ఆయన తెచ్చేది వీధిలోకెల్లా మంచి రకం, ఏరి ఏరి తెచ్చేవాడు. ఆ కిటికీ లేని వంటింట్లో, ఆ బొగ్గు పొగలో, అత్త పెళ్ళైన దగ్గర్నుంచీ వండింది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "అది పొగ వల్ల కాదు మావా! పురుగు వల్ల వస్తాదని డాక్టరు చెప్పలేదా!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "డాకటర్లూ కొసలు కత్తిరించే సెప్తారు కోడలా."

నాకు ఏడుపాగలేదు. ఆయన ఏడవలేదు. మొక్కని తాడుతో సహా విప్పి భుజానికి ఆనించుకుని తన ఇంటికి తీసుకుపోయాడు. డాక్టరు చెప్పిందే నిజమై ఉంటుంది. ఉండాలనే నా కోరిక. కానీ మనిషి అంత ప్రేమగా మోసుకొచ్చిన దానివల్లే నష్టం జరిగిందని ఒకసారి తెలిశాక, ఇంకా ఏమేం మోసుకొచ్చానా అని వెతుక్కోకుండా ఎలా ఉంటాడు?

రిటైరై క్వార్టరు ఖాళీ చేసే ముందు, ఆయన తల్లిమొక్కని వరండాలో కింద పెట్టి, చుట్టూ డబ్బాలు పేర్చి, అత్త మిగిల్చిన కొప్పు పిన్నులతో పిల్లలన్నిటినీ మట్టికి నొక్కాడు. వేరు పట్టాక వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచాడు. ఒకప్పుడు గుమ్మాలు మూసుకున్నవాళ్ళని కూడా పిలిచాడు. కాడలు మాత్రం తను కొయ్యలేదు. కత్తెర మాకిచ్చి మొహం అటు తిప్పుకున్నాడు. ఎవరి కాడ వాళ్ళమే కోసుకున్నాం. అందరికీ అదే పెద్దగొంతుతో చెప్పాడు: "వాన నీల్లు పొయ్యండి. నేకపోతే కుండలో నిలవబెట్టిన నీల్లు. షెడ్డు నీల్లొద్దు." నా వంతు వచ్చినప్పుడు మాత్రం, "కొసలెండితే ఎండనీ కోడలా" అన్నాడు. తల్లిమొక్కని ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాడు.

ఇప్పుడు స్టీము ఇంజన్లు ఒక్కొక్కటీ పోతున్నాయి. బాయిలర్లు కొట్టి చూసేవాళ్ళ అవసరం ఇంకెన్నాళ్ళో ఉండదు. మేమూ నిమ్‌పురా వదిలి ఈ క్వార్టరుకి వచ్చేశాం. నా కుండీ మట్టిలో తుప్పుపట్టిన పిన్ను ఇంకా ఉంది, తీయబుద్ధి కాలేదు. ఈ ఎండల్లో వాన నీళ్ళు లేక కుళాయి నీళ్ళే తిన్నగా పోశాను, నిలవబెట్టే తీరిక లేక. కొసలు అందుకే మాడాయి. సాయంత్రం ఎవరో చుట్టాలొస్తున్నారని, వాళ్ళ కంట పడకుండా కత్తిరిద్దామనుకున్నాను. ఫిట్టరు కుర్రాడు వెళ్ళాక కత్తెర తీసుకెళ్ళి లోపల పెట్టేసి, మళ్ళీ మెట్ల మీదికొచ్చాను.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, నా పక్కన మెట్ల మీద కూర్చుని, పైకి చూసి, "కత్తిరిస్తానన్నావుగా, అలాగే ఉన్నాయేం?" అన్నాడు.

నేను ఆయన ముంజేతి మీద వేలితో తట్టాను.

"ఏమిటి?" అన్నాడు.

"ఏటీ లేదు, ఉత్తినే" అన్నాను.